చేసిన మేలు నెరుగుట

తెల్లవారి లేచినది మొదలు ఒక గృహస్థుడు తన పనికి బయలుదేరు వరకు జరుగు సంగతులను ఒక్కసారి తలచి చూడుడు. అతడు ముఖము కడుగుకొను నీరు రాత్రియే ఎవరో పట్టి యుంచినది. అతడు త్రాగు పాలు చీకటిలోనే పితుకబడి, పాలకేంద్రమునకు మోయబడి, అచటినుండి వీధికి చేరినవి. వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టబడినది. వీధిలోని చెత్త ఎత్తబడినది. ఉతికిన బట్టలు దండెముపై సిద్ధముగా నున్నవి. మధ్యాహ్నపు అన్నము డబ్బాలో సర్దబడినది. ఇందరి చేతుల సాయముతో సిద్ధమైన ఆ మనుష్యుడు గడప దాటునప్పుడు అతని మనస్సులో మెదలునది ఏది? పెక్కుసార్లు అది పప్పులో తక్కువైన ఉప్పు మాత్రమే.

అతడు చెడ్డవాడు కాడు. మనలో ననేకులము అట్టివారమే. లేని ఉప్పు నాలుకకు వెంటనే తెలియును. ఉన్న పప్పు ఎట్లు వచ్చెనో మనస్సునకు తట్టదు. ఈ వ్యాసము చెప్పదలచినది ఆ తట్టకపోవుటను గురించియే.

కృతజ్ఞత అను మాటను మనము సభలలో తరచుగా వినుచుందుము. దాని అర్థము మాత్రము మిక్కిలి సరళము. కృతము అనగా చేయబడినది. దానిని ఎరిగినవాడు కృతజ్ఞుడు. మేలును ఎరుగుట ముందు జరుగవలసిన పని. వందనము చెప్పుట దాని వెనుక వచ్చునది. ఎరుగనివానికి చెప్పుటకు ఏమియు నుండదు. దీనికి ఎదురుమాట కృతఘ్నుడు. అనగా చేసినదానిని చంపువాడు. మన పెద్దలు ఈ మాటను కల్పించుటలో ఒక సత్యము కలదు. ఎవరును గుర్తింపని పని, చేసినవారి దృష్టిలో చచ్చినదానితో సమానము.

ఎరుగుట అభ్యాసమువలన అలవడునా? అది మనస్సునకు, కుటుంబమునకు ఏమి మేలు చేయును? ఎచ్చట అది పనికిరాదు? ఈ మూడు ప్రశ్నలకు తెలిసినంతమట్టుకు సమాధానము ఇందు చెప్పబడుచున్నది.

మనస్సు మేలును ఏల మరచును?

ఇందుకు రెండు సహజకారణములు కలవు. మొదటిది అలవాటు పడుట. ఒక గ్రామమునకు క్రొత్తగా కుళాయి వచ్చినదనుకొందము. మొదటి దినమున దానికి పసుపు కుంకుమలు పెట్టుదురు. ఊరి పిల్లలందరు చుట్టును మూగుదురు. అంతవరకు దూరపు బావినుండి కడవలు మోసిన స్త్రీలు సంతోషముతో కన్నీరు పెట్టుకొనినను ఆశ్చర్యము లేదు. ఆరు మాసములు గడచిన పిమ్మట అదే కుళాయి ఒక్క పూట ఆగినచో వీధియంతయు సణుగుచుండును. నీరు వచ్చిన నూట ఎనుబది దినములు ఎవరికిని జ్ఞాపకము రావు. సుఖమైనను దుఃఖమైనను నిత్యమైనప్పుడు దానికి మనస్సు అలవాటు పడును. ఈ గుణమే లేనిచో మానవుడు కష్టములను ఓర్చుకొనలేకపోయెడివాడు. కాని అదే గుణము నిత్యము కలుగు మేళ్లను గూడ మరుగుపరచుచున్నది.

రెండవ కారణము, మేలుకంటె కీడు ముందుగా మన దృష్టికి వచ్చుట. నోటిలో ఇతర దంతములన్నియు ఆరోగ్యముగా నున్నను, నాలుక మాటిమాటికి నొప్పి పెట్టు పంటి చెంతకే పోవును. పది మంది మెచ్చి ఒకడు దూషించినచో రాత్రి నిద్రకు అడ్డము వచ్చునది ఆ ఒక్కని మాటయే. అడవులలో బ్రదికిన మన పూర్వులకు ఈ స్వభావము రక్షణమిచ్చినది. చెట్టుమీది పండును చూడనివాడు ఒక పూట ఆకలితో నుండును. పొదలోని పామును చూడనివాడు ప్రాణమునే కోల్పోవును. కావున అపాయమును ముందు చూచు మనస్సే మనకు సంక్రమించినది.

ఇట్టి మనస్సును దాని దారిన విడిచినచో అది లోపములను లెక్కించుటలోనే దినమంతయు గడపును. లోపములను చూచుట తప్పు గాదు. చూడనిచో వానిని సరిదిద్దుకొనలేము. కాని లెక్కయందు ఒక్క వైపే వ్రాయు వర్తకునకు తన వ్యాపారపు స్థితి తెలియదు. జమ, ఖర్చు రెండును వ్రాసినప్పుడే చిట్టా సరియగును. కృతజ్ఞతాభ్యాసమనగా లేనిదానిని ఉన్నట్లు భావించుట గాదు. ఉన్నదానిని లెక్కలో చేర్చుట.

పరిశోధనలు తెలుపునది

ఈ విషయమును మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇటీవలి దశాబ్దులలో పరీక్షించి చూచిరి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖకు చెందిన రాబర్ట్ ఎమ్మన్స్, ఆయన సహచరుడు మైకేల్ మెకల్లొ 2003వ సంవత్సరమున ప్రకటించిన పరిశోధనము ఇందు ప్రసిద్ధమైనది. వారు విద్యార్థులను మూడు జట్లుగా విభజించిరి. ఒక జట్టువారు తాము కృతజ్ఞులై యుండదగిన కొన్ని సంగతులను వారమునకొకసారి వ్రాయవలెను. రెండవ జట్టువారు తమను విసిగించిన సంగతులను వ్రాయవలెను. మూడవ జట్టువారు జరిగిన సంగతులను ఊరక వ్రాయవలెను. కొన్ని వారములు గడచిన పిమ్మట చూడగా, మొదటి జట్టువారు తమ జీవితమును గురించి ఎక్కువ తృప్తిని తెలిపిరి. దేహబాధలను గూర్చిన ఫిర్యాదులు వారియందు తక్కువగా నుండెను. నరములకు కండరములకు సంబంధించిన దీర్ఘవ్యాధులు గలవారిచేత మూడు వారములపాటు ప్రతిదినమును ఇట్లే వ్రాయింపగా, వారి నిద్రయు మెరుగుపడినట్లు తేలినది.

2005వ సంవత్సరమున పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందిన మార్టిన్ సెలిగ్మన్, ఆయన సహచరులు మరియొక పరీక్షను ప్రకటించిరి. ప్రతి రాత్రియు ఆ దినమున బాగుగా జరిగిన మూడు సంగతులను, అవి జరుగుటకు గల కారణములను వ్రాయుడని వారు కొందరిని కోరిరి. ఒక్క వారము మాత్రమే చేయవలసిన ఈ పనివలన కలిగిన సంతోషము ఆరు మాసముల వరకు కానవచ్చినది. ఉపకారము చేసినవారికి ఉత్తరము వ్రాసి స్వయముగా పోయి చదివి వినిపించినవారికి మరింత ఎక్కువ ఫలము కలిగినది గాని, అది ఒక మాసమునకు మించి నిలువలేదు. పెద్ద పండుగ ఒక్కసారి చేయుటకంటె చిన్న దీపమును దినదినము వెలిగించుట మేలని ఇందువలన గ్రహింపవచ్చును.

అమిత్ కుమార్, నికొలాస్ ఎప్లీ అను ఇరువురు 2018వ సంవత్సరమున ప్రకటించిన సంగతి మనకు మిక్కిలి ఉపయోగకరము. కృతజ్ఞత తెలుపుచు ఉత్తరము వ్రాయువారు, అది అందుకొనువారికి ఎబ్బెట్టుగా నుండునేమో యని సంకోచించుచుందురు. అందుకొనినవారిని విచారింపగా, వ్రాసినవారు ఊహించినంత ఎబ్బెట్టు వారికి లేకపోగా, ఊహించినదానికంటె ఎక్కువ సంతోషము కలిగినట్లు తేలినది. చెప్పవలెనని తలచియు నోరు రాక ఊరకుండువారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

ఈ ఫలములను అతిశయించి చెప్పరాదు. 2021వ సంవత్సరమున ప్రకటితమైన ఒక సమీక్ష 27 పరిశోధనములను కలిపి చూచినది. మానసికమైన కుంగుబాటును, ఆందోళనను తగ్గించుటలో కృతజ్ఞతాభ్యాసములు చేయు మేలు స్వల్పమేనని అది నిర్ణయించినది. వ్యాయామము, మితాహారము, చాలినంత నిద్ర వలెనే ఇదియు ఆరోగ్యవంతునకు మంచి అలవాటు. వ్యాధికి ఇది ఔషధము కాదు. ఈ భేదము ముందు మరల వివరింపబడును.

ఇంటిలో కనబడని శ్రమ

ఎరుగుటను అభ్యసించువారు మొదట ఎచ్చట చూడవలెను? తమ యింటిలోనే. ఏలనగా మిక్కిలి దగ్గరగా నున్న మేలే మిక్కిలి మరుగుపడి యుండును.

జాతీయ గణాంక కార్యాలయము 2019వ సంవత్సరమున దేశమంతట ఒక సర్వే జరిపి, ప్రజలు తమ కాలమును ఎట్లు గడపుచున్నారో విచారించినది. ఆరేండ్లు, అంతకు మించిన వయస్సు గలవారిలో, వేతనము లేని యింటిపనిని ఒక దినమున చేసినవారు స్త్రీలలో నూటికి 81 మంది. పురుషులలో అట్టివారు నూటికి 26 మంది మాత్రమే. చేసిన స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, అనగా ఇంచుమించు ఐదు గంటలు, ఈ పనికి వినియోగించిరి. చేసిన పురుషులు వినియోగించినది 97 నిమిషములు.

ఈ ఐదు గంటల పని యొక్క స్వభావము విచిత్రమైనది. అది చేసినప్పుడు కనబడదు. చేయనప్పుడు మాత్రమే కనబడును. తోమిన గిన్నెను ఎవరును చూడరు. తోమని గిన్నెను అందరు చూతురు. పనిచేయు చేతికి దినమంతటిలో ఒక్క మాటయు దక్కకపోవుటకు కారణమిదియే.

మన యిండ్లలో ధన్యవాదములు చెప్పు వాడుక లేదని కొందరందురు. అది నిజమే. తల్లి అన్నము వడ్డించినప్పుడు కుమారుడు ఆ మాట అన్నచో ఆమె తనను పరాయిదానిగా చూచెనని నొచ్చుకొనవచ్చును. తెలుగువారికే గాదు, ఈ దేశమున అనేక ప్రాంతములవారికి ఇట్టి మాట యింటివారి నడుమ కృత్రిమముగా తోచును. కాని మాట లేనంతమాత్రమున భావము లేదని తలపరాదు. మన తాతలు భోజనము ముగించి అన్నదాత సుఖముగా నుండవలెనని దీవించుచుండెడివారు. దాహమునకు నీరిచ్చిన పిల్లను ముసలమ్మ "నీ కడుపు చల్లగా ఉండ" అని దీవించును. ఇవి యన్నియు కృతజ్ఞతకు మన భాష యిచ్చిన రూపములే. క్రొత్త మాటను అరువు తెచ్చుకొనవలసిన పని లేదు. ఉన్న మాటలను మరువకుండుట చాలును.

చెప్పు విధమున ఒక మెలకువ కలదు. "వంట బాగున్నది" అనుట మంచిదే. "ఇంత ఎండలో పొయ్యియొద్ద నిలిచి, నాకు ఇష్టమని జ్ఞాపకముంచుకొని పులుసు చేసినావు" అనుట మరింత మంచిది. మొదటి మాట వస్తువును మెచ్చినది. రెండవ మాట మనిషిని, ఆమె పడిన శ్రమను, ఆమె తలంపును ఎరిగినది. ఏమి చేసిరో, దానికి వారెంత కష్టపడిరో, అది మనకెట్లు ఉపకరించెనో చెప్పినచో ఆ మాట ముఖస్తుతి కాదు.

మాటతోనే ముగియరాదు

2019 - 21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. దీనికి కారణములు పెక్కులు కలవు. అనేక కుటుంబములలో అందరికిని వడ్డించి, మిగిలినది మిగిలినంత తినుట ఇల్లాలికి వాడుకయై యున్నది. పప్పు, ఆకుకూర, గ్రుడ్డు మొదలగు బలకర పదార్థములు ఆమె వంతు వచ్చుసరికి గిన్నె అడుగునకు చేరును. అట్టి యింటిలో భర్తయు పిల్లలును ఆమె వంటను ఎంత పొగడినను, పొగడ్తవలన రక్తము పట్టదు. ఆమెను తమతోపాటు కూర్చుండబెట్టుకొని సమముగా వడ్డించుకొనుటయే అచ్చట కృతజ్ఞత. భోజనానంతరము కంచములు తామే కడుగుట కృతజ్ఞత. వేతనమునకు మన యిండ్లలో పని చేయువారి విషయమున, కూలిని వేళకు చెల్లించుట, జబ్బుపడిన దినమున సెలవిచ్చుట కృతజ్ఞత. న్యాయముగా ఇయ్యవలసినదానిని ఎగవేసి తీయని మాట చెప్పుట వంచన యగును.

మన పండుగలను చూచినచో, కృతజ్ఞతను క్రియారూపమున తెలుపు సంప్రదాయము మనకు క్రొత్త గాదని తెలియును. సంక్రాంతి మరునాడు కనుమ దినమున పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మేపు పెట్టి గౌరవింతుము. జ్యేష్ఠ పూర్ణిమనాడు ఏరువాక సాగునప్పుడు ఎద్దులను అలంకరింతుము. మహారాష్ట్రమున పోళా పండుగనాడు ఎద్దులకు కాడి కట్టక విశ్రాంతి యిత్తురు. వంగదేశపు పనివారు విశ్వకర్మ పూజనాడు, దక్షిణదేశపు పనివారు ఆయుధపూజనాడు తమ పనిముట్లను పూజింతురు. నోరులేని పశువునకు, ప్రాణములేని పనిముట్టుకు గూడ వానివలన కలిగిన మేలును ఎరిగి ఒక దినము కేటాయించిన జాతి మనది. కనుమనాడు ఎద్దునకు లభించు విశ్రాంతి ఆ యింటి ఇల్లాలికి ఏ దినమున లభించుచున్నదో ప్రతి కుటుంబమును తన్ను తాను ప్రశ్నించుకొనదగును.

మనము చూడని ఉపకారులు

మేలు చేసినవారందరు మన కంటికి కనబడువారు గారు. గర్భిణీ స్త్రీకి ఆరోగ్య కేంద్రమున ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రలు ఇత్తురు. దినమునకు ఒకటి చొప్పున కనీసము 180 దినములు వానిని వాడవలెను. ఆ మాత్రను మ్రింగు తల్లికి దాని వెనుక ఒక తెలుగువాని కృషి కలదని తెలియకపోవచ్చును. 1895వ సంవత్సరమున భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులు స్ప్రూ అను వ్యాధికి బలియైరి. సుబ్బారావుగారు అమెరికాకు పోయి, లెడర్లే ప్రయోగశాలలలో పరిశోధనలకు నాయకత్వము వహించిరి. ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసినది 1940ల దశాబ్దిలో ఆయన నడపిన బృందమే. స్ప్రూ వ్యాధి చికిత్సకు గూడ ఆ పదార్థము ఉపకరించినది. బోదకాలు నివారణకు నేటికిని మన దేశమున పంచబడు డై ఇథైల్ కార్బమజైన్ మాత్రయు ఆయన బృందపు కృషి ఫలమే. ఆయన 1948వ సంవత్సరమున పరదేశమునందే మరణించిరి. ఆయనకు మనము చెప్పగల వందనమొక్కటే: ఇచ్చిన మాత్రను ఇంటిలో మూలబెట్టక నియమముగా వాడుట.

రక్తదాతల సంగతియు నిట్టిదే. మన దేశమున 1998వ సంవత్సరము జనవరి 1వ తేదీనుండి డబ్బు తీసికొని రక్తమిచ్చు పద్ధతి నిషేధింపబడినది. కాన్పు సమయమున రక్తస్రావమైన తల్లికి, తలసీమియా వ్యాధిగల బిడ్డకు ఎక్కింపబడు రక్తము ఎవరో దానము చేసినదే. ఆ సీసాపై దాత పేరుండదు. తీర్చుకొనుటకు దాత కనబడనప్పుడు ఆ ఋణమును ముందువారికి చెల్లింపవచ్చును. 18 మొదలు 65 ఏండ్ల నడుమ వయస్సు, కనీసము 45 కిలోల బరువు గల ఆరోగ్యవంతులు వైద్యపరీక్ష జరిగిన పిమ్మట రక్తము నీయవచ్చును. పురుషులు 90 దినములకొకసారి, స్త్రీలు 120 దినములకొకసారి ఈయవచ్చును.

వీరికి తోడు, ఎండలో ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్త కలదు. 2005వ సంవత్సరమున ఆరంభమైన జాతీయ గ్రామీణారోగ్య మిషన్ కాలమునుండి ఈ కార్యకర్తలు గ్రామమునకు ఆసుపత్రికి నడుమ వంతెనవలె నున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022వ సంవత్సరమున వారి సేవను గుర్తించి గౌరవించినది. ఆమె మీ గడపకు వచ్చినప్పుడు కూర్చుండుమని చెప్పి మంచినీరిచ్చుట, అడిగిన సంగతికి సరియైన సమాధానము చెప్పుట, బిడ్డకు టీకా వేయించుదినమును తప్పకుండుట ఆమె శ్రమ నెరిగిన గుర్తులు.

అభ్యాసము చేయు విధము

ఈ క్రింది పద్ధతులు వ్యయము లేనివి. చదువు వచ్చినవారును రానివారును ఆచరింపదగినవి.

1. రాత్రి పండుకొనుటకు ముందు ఆ దినమున జరిగిన మూడు మంచి సంగతులను తలచుకొనుడు. ప్రతిదానికి అది ఎవరివలన, ఎట్లు జరిగెనో గూడ తలపుడు. వ్రాయగలవారు వ్రాసికొనుడు. వ్రాయలేనివారు ఇంటిలో ఒకరితో చెప్పుకొనుడు.

2. సంగతులు పెద్దవి కానక్కరలేదు. బస్సులో ఒకరు చోటిచ్చుట, జ్వరము తగ్గి ఆకలి వేయుట, పొలమునకు అదనులో వాన పడుట చాలును. ప్రతిదినమును ఒకే మాటను వల్లించక క్రొత్త సంగతిని వెదకుడు. వెదకుటయే ఇందలి వ్యాయామము.

3. దినమునకు ఒక్కరికైనను వారు చేసిన పనిని స్పష్టముగా పేర్కొని మీ సంతోషమును తెలుపుడు.

4. మీకు చదువు చెప్పిన గురువు, కష్టకాలమున అప్పిచ్చిన పొరుగువాడు, కాన్పునాడు రాత్రియంతయు మేలుకొనియున్న నర్సు, ఇట్టివారిలో ఒకరికి ఏడాదికొక్కసారియైన ఉత్తరము వ్రాయుడు. లేదా పోయి కలిసికొనుడు. వృద్ధులైనవారి విషయమున జాగు చేయరాదు.

5. పిల్లలచేత బలవంతముగా వందనములు చెప్పింపకుడు. భోజనపు వేళ, ఈ అన్నము మన కంచములోనికి వచ్చుటకు ఎందరు పనిచేసిరో లెక్కించు ఆటను వారితో ఆడుడు. నారు నాటినవారు, కోతకోసినవారు, మిల్లువారు, బండివారు, అంగడివారు, వండినవారు అని లెక్కించుకొనుచు పోవుదురు. పెద్దలు ఒకరికొకరు చెప్పుకొనుట విన్న పిల్లలకు వేరుగా నేర్పనక్కరలేదు.

6. ఒక దినము తప్పినచో విడిచిపెట్టకుడు. మరునాడు మరల ఆరంభింపుడు.

కృతజ్ఞత కానివి

ఇక్కడ పాఠకులు మిక్కిలి శ్రద్ధ వహింపవలెను. మంచి మాటను చెడు చోట ప్రయోగించినచో అది గాయము చేయును.

ప్రసవించి కొలది వారములైన ఒక బాలింతను తలచుకొనుడు. బిడ్డ ఆరోగ్యముగా నున్నది. ఆమె మాత్రము అకారణముగా ఏడ్చుచుండును. బిడ్డ నిద్రించినను ఆమెకు నిద్ర పట్టదు. అన్నము సహింపదు. తాను తల్లిగా పనికిరానని ఆమెకు తోచుచుండును. చుట్టములు వచ్చి, "బంగారమువంటి బిడ్డ పుట్టినది, ఇంకేమి కావలయును? బిడ్డలు లేనివారిని చూచి బుద్ధి తెచ్చుకొనుము" అందురు. ఆ మాటలు సదుద్దేశముతో చెప్పినవే. కాని అవి విన్న ఆమె తన బాధకు తోడు తాను కృతఘ్నురాలనను నింద గూడ మోయవలసి వచ్చును. అటుపిమ్మట ఆమె నోరు విప్పదు. అపాయము అక్కడనే కలదు. ప్రసవానంతరము కలుగు కుంగుబాటు ఒక వ్యాధి. అది గుణదోషము గాదు. దానికి చికిత్స కలదు. ఆమెకు కావలసినది హితబోధ గాదు. వినువారు, విశ్రాంతి, వైద్యుని సలహా.

రెండు వారములకు మించి దినములో అధికభాగము విచారముగా నుండుట, ఏ పనియందును ఆసక్తి లేకుండుట, నిద్రయు ఆకలియు చెడుట, ఎడతెగని అలసట, తాను వ్యర్థుడనను భావము, చావు తలంపులు ఎవరియందు కానవచ్చినను వైద్యసహాయము పొందవలెను. కేంద్ర ప్రభుత్వము 2022వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఇది ఉచితము. రేయింబవళ్లు పనిచేయును. తెలుగున మాటలాడవచ్చును. చావు తలంపులు గలవారిని ఒంటరిగా విడువరాదు. 2017వ సంవత్సరపు మానసికారోగ్య సంరక్షణ చట్టము ప్రకారము ప్రభుత్వ వైద్యశాలలలో మానసిక చికిత్స పొందుట ప్రతి పౌరుని హక్కు. హక్కును కోరుట కృతఘ్నత కాదు.

అట్లే అన్యాయమును సహించుట కృతజ్ఞత కాదు. కొట్టు భర్తకు "కూడు పెట్టుచున్నాడు గదా" యని భార్య ఋణపడి యుండవలసిన పని లేదు. అట్టి స్త్రీలు 181 సంఖ్యకు ఫోను చేసి సహాయము కోరవచ్చును. చేసిన మేలును మాటిమాటికి ఎత్తి చూపి లోబరచుకొనువాడు మేలు చేసినవాడు కాడు. అప్పిచ్చి వడ్డీ వసూలు చేయువాడు. మనకంటె కష్టములలో నున్నవారిని చూచి మనము సుఖముగా నున్నామని సంతోషించుటయు కృతజ్ఞత కాదు. అది పరుల దుఃఖముపై కట్టుకొన్న తృప్తి. నిజమైన కృతజ్ఞత క్రిందివారివైపు చూచి నిట్టూర్చదు. అది తనకు తోడ్పడిన చేతులవైపు చూచును.

ముగింపు

ఈ అభ్యాసమువలన మన కష్టములు తీరిపోవు. ధరలు తగ్గవు, రోగము మాయము కాదు. కాని మనము ఒంటరివారము కామని, మన దినమును ఎందరో తమ భుజములపై మోయుచున్నారని తెలియును. ఆ తెలివి గలవానికి కష్టకాలమున ఎవరిని పిలువవలెనో గూడ తెలియును. మేలు నెరిగినవారి యింట పని పంచుకొనుటయు, మాట పంచుకొనుటయు అలవడును. వ్యాధి వచ్చిన దినమున ఆ యింటివారు ఒకరినొకరు త్వరగా గుర్తింపగలరు.

మొదట చెప్పిన గృహస్థుడు రేపు ఉదయమునను అదే గడప దాటును. పప్పులో ఉప్పు రేపును తక్కువ కావచ్చును. అతడు దానిని చెప్పవచ్చును. చెప్పుటలో తప్పు లేదు. కాని అంతకు ముందు, తెల్లవారకమునుపే లేచి అన్నము సర్దిన మనిషితో ఒక్క మాట చెప్పి, సాయంకాలము వచ్చి కంచములు తానే కడిగినచో, ఈ వ్యాసము వ్రాసిన ప్రయోజనము నెరవేరినట్లే.